అడుసులో నిలిచిన బందరు కోట: కట్టుబడి, ముట్టడి, ఉప్పెన

బందరు కోట ప్రస్తావన వస్తే మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోతుంటాయి. అది ఎవరి కోట? డచ్చివారి సమాధులు చూసినవాళ్లు డచ్చివారిదంటారు, ఫ్రెంచి సేనాని బుస్సీ చరిత్ర చదివినవాళ్లు ఫ్రెంచివారిదంటారు, కంపెనీ పాలన గుర్తున్నవాళ్లు ఇంగ్లీషువారిదంటారు. రెండో ప్రశ్న, ఆ కోట దేన్ని కాపాడింది? రేవును అని చాలామంది అనుకుంటారు కానీ రేవులో ఆగే ఓడలకు ఆ కోట ఫిరంగుల నీడ ఎన్నడూ అందలేదు. మూడోది అసలు చిక్కు. చుట్టూ ఊబి, లోపల 500 మంది యూరోపియన్ సైనికులు, రెండు వేలకు పైగా సిపాయిలు, 120 ఫిరంగులు ఉన్న కోటను, అంతకంటే తక్కువ బలంతో, మందుగుండు అడుగంటిన స్థితిలో ఉన్న ఇంగ్లీషు దళం 1759 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో ఎలా పట్టుకోగలిగింది?

ఈ ప్రశ్నలకు జవాబు కోట గోడల్లో కంటే వాటి చుట్టూ ఉన్న నేలలో దొరుకుతుంది. అందుకే మొదట నేల సంగతి.

నేల, నీళ్లు, ఓడలు

బందరు, అంటే మచిలీపట్నం, తీరం కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడింది. కోట కట్టుకోవడానికి ఒక గుట్ట లేదు, ఓడ దాక్కోవడానికి కొండకొమ్ము లేదు. సముద్రపు అడుగు చాలా మెల్లగా వాలుతుంది కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు నాలుగైదు మైళ్ల దూరంలోనే లంగరు వేయాలి. సరుకు అక్కడికి చేరాలంటే గోదాము నుంచి పడవకు, పడవలో వాగు వెంట సముద్రపు మొగకు, మొగ దగ్గర ఇసుక మేట దాటుకుని ఓడ పక్కకు వెళ్లాలి. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఆ మేట మీద పడవ అడుగు నేలకు ఆనుతుంది. అందుకే పోటు చూసుకుని బయలుదేరాలి, పోటు చూసుకునే తిరిగి రావాలి. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుగా వెలిగిన రోజుల్లో కూడా వజ్రాలూ, కలంకారీ బట్టలూ, ఉక్కూ ఈ దారినే ఓడెక్కాయి.

ఇప్పుడు ఫిరంగి లెక్క చూద్దాం. ఆ కాలపు బరువైన ముట్టడి ఫిరంగి 24 పౌన్లది. అంటే దాని ఇనుప గుండు దాదాపు 11 కిలోలు. గొట్టం కాస్త ఎత్తి కాలిస్తే గుండు రెండు వేల గజాల దాకా పోతుంది. గురి కుదిరి దెబ్బ తగలాలంటే వెయ్యి గజాల లోపు ఉండాలి. గోడ పగలాలంటే ఐదారు వందల గజాల లోపలికి రావాలి. ఓడలేమో ఏడెనిమిది వేల గజాల అవతల ఉన్నాయి. కోట గోడ మీద ఎన్ని ఫిరంగులు బారులు తీర్చినా లంగరు వేసిన సొంత ఓడను కాపాడలేవు, శత్రువు ఓడను తరమలేవు.

దీనికి మరో వైపు కూడా ఉంది. శత్రువు యుద్ధనౌక కూడా కోట దగ్గరకు రాలేదు. నీటి లోతు లేకపోవడమే సముద్రం వైపు మొదటి కాపలా. మద్రాసు సెయింట్ జార్జి కోటను 1746లో ఫ్రెంచి ఓడలు సముద్రం మీది నుంచి కొట్టగలిగాయి. బందరులో అది జరిగే పని కాదు. కాబట్టి బందరు కోటను తీరరక్షణ కోట అన్నప్పుడు ఓడలతో పోరాడే కోట అని కాక, వాగు మొగనూ గోదాములనూ ఖజానానూ ఆయుధాగారాన్నీ కాపాడే కోట అని అర్థం చేసుకోవాలి. ఉత్తర సర్కారుల శిస్తు సొమ్మూ సైన్యానికి కావలసిన మందుగుండూ దాచే చోటు అది.

ఎవరి చేతిలో ఎప్పుడు

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇక్కడికి వచ్చారు. ఫ్రెంచివారు 1669లో కుతుబ్‌షాహీ అనుమతితో కొఠీ పెట్టుకున్నారు. ఇవన్నీ వర్తకపు కొఠీలు, ఊళ్లో ఉండేవి. బందరులో నేటికీ వినబడే వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఆ కొఠీల జాడలే. కోట ఊరికి ఆగ్నేయంగా, ఉప్పు కయ్యల్లో విడిగా ఉంది. కొఠీ చరిత్రనూ కోట చరిత్రనూ ఒకటి చేయడం వల్లనే మొదటి చిక్కు వస్తుంది.

1750లో పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే పంపిన చిన్న దళం ఓడల మీద వచ్చి మచిలీపట్నాన్ని పట్టుకుంది. దక్కను సుబేదారీ తగాదాలో ఫ్రెంచివారు ఎవరి పక్షం నిలిచారో వాళ్ల నుంచి ఆ పట్టుకు హక్కు కూడా సంపాదించుకున్నారు. 1753లో బుస్సీ నిజాం సలాబత్ జంగ్ నుంచి ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు రాయించుకున్నాక ఈ కోట విలువ ఒక్కసారిగా పెరిగింది. పుదుచ్చేరి నుంచి ఓడ మీద వచ్చే సైనికులూ మందుగుండూ ఇక్కడ దిగి హైదరాబాదుకు వెళ్లాలి, సర్కారుల శిస్తు ఇక్కడికి చేరాలి. పాత గోడలను ఫ్రెంచివారు ఐరోపా పద్ధతిలో మార్చి కట్టింది ఈ దశలోనే. 1759లో పడిపోయిన కోట ఆ రూపంలోనిది.

కోట ఎలా ఉండేది

ముట్టడి కాలపు వర్ణనల ప్రకారం కోట తీరైన చతురస్రం కాదు. సుమారు 800 గజాల పొడవు, 500 గజాల వెడల్పు ఉన్న వంకర దీర్ఘచతురస్రం. దక్షిణాన సముద్రపు వాగు విశాలంగా పరచుకుని ఉండేది. మిగిలిన వైపుల ఉప్పు ఊబి. ఆ ఊబి పోటు వచ్చినప్పుడు పెరుగుతుంది, పాటు వేళ తగ్గుతుంది. వాయవ్యాన ఊరి పేటకు వెళ్లే ఒకే ఒక్క దారి, ఊబి మీద వేసిన పొడవాటి కట్ట. అది దాదాపు రెండు వేల గజాలు ఉండేది. తూర్పున ఊబి దాటాక సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బలు.

గోడ లోపలంతా మట్టి, బయటి ముఖానికి ఇటుక. చుట్టూ రకరకాల ఆకారాల్లో 11 బురుజులు, వాటి మధ్య పొడవైన తిన్నని గోడలు. బురుజు గోడ కంటే ముందుకు పొడుచుకు వస్తుంది కాబట్టి దాని పక్క ఫిరంగి తిన్నని గోడ అడుగున చేరిన శత్రువును అడ్డంగా కాల్చగలదు. గోడ అడుగుకూ అగడ్తకూ నడుమ సన్నని చదును గట్టు, దాని మీద మొనదేల్చిన గుంజల కంచె. ఆ తర్వాత నీళ్ల అగడ్త. కట్ట దారి చివర ద్వారం ముందు, కోటకు విడిగా నిలబడ్డ రావెలిన్ అనే ముక్కోణపు కట్టడం.

లేనిది ఒక్కటే: గ్లాసీ. అగడ్త బయటి అంచు నుంచి మైదానం వైపు నెమ్మదిగా వాలే మట్టి కట్టను గ్లాసీ అంటారు. దాని పని రెండు రకాలు. దూరం నుంచి చూసే ఫిరంగికి గోడ పైభాగం తప్ప అడుగు కనబడనివ్వదు. దాడికి వచ్చేవాడు ఆ వాలు ఎక్కుతున్నంతసేపూ గోడ మీది తుపాకులకు పూర్తిగా ఎదురుపడేలా చేస్తుంది. ఊబిలో అంత మట్టి పోస్తే కుంగిపోతుంది. పైగా ఊబి దాటి ఎవడొస్తాడన్న ధీమా ఉండనే ఉంది. అందుకే గ్లాసీ కట్టలేదు. ఆ ఒక్క లోటు వల్ల తూర్పు దిబ్బల మీది నుంచి గోడ తలా మొదలూ ఫిరంగి గురికి నేరుగా దొరికాయి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ కోట గోడకు గండ్లు పడ్డది ఇందువల్లే.

ముట్టడికి దారితీసిన పరిస్థితి

1757 జనవరి బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే విజయనగరం విజయరామరాజు హత్య తెలుగువారికి తెలిసినవే. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి రాజుకు ఫ్రెంచివారితో చెడింది. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ మద్రాసు ముట్టడి కోసం బుస్సీని దక్షిణాదికి పిలిపించుకుని, సర్కారులను కాన్‌ఫ్లాన్ అనే తక్కువ అనుభవం ఉన్న అధికారికి అప్పగించాడు. ఆ అదను చూసి ఆనంద గజపతి విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పంపాడు. బెంగాల్‌లో ఉన్న క్లైవు, కంపెనీ సేనాని ఫ్రాన్సిస్ ఫోర్డ్ వెంట 500 మంది యూరోపియన్లను, 2,000 మంది సిపాయిలను ఓడల మీద పంపించాడు. డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో కాన్‌ఫ్లాన్ ఓడి మచిలీపట్నానికి వెనుదిరిగాడు.

ఫోర్డ్ అప్పుడే వెంటపడి ఉంటే కథ వేరేగా ఉండేది. సైనికుల జీతాలకు డబ్బు లేదు. రాజు ఇస్తానన్న సొమ్ము చేతికి రాలేదు. ఆ బేరాల్లో వారాలు గడిచాయి. చివరికి 1759 మార్చి 6న ఫోర్డ్ కోట ముందుకు చేరేసరికి కాన్‌ఫ్లాన్ తేరుకుని ఉన్నాడు.

ఊబిలో ముట్టడి ఎందుకు కష్టం

ఐరోపా పద్ధతిలో కోట ముట్టడికి ఒక క్రమం ఉంది. గోడకు దూరంగా, దానికి సమాంతరంగా మొదటి కందకం తవ్వుతారు. అందులోంచి వంకర టింకరగా ముందుకు తవ్వుకుంటూ పోయి రెండో సమాంతర కందకం, తర్వాత మూడోది తవ్వుతారు. ప్రతి దశలో ఫిరంగులను ముందుకు జరుపుతారు. గండి పడేసరికి దాడి దళం గోడకు కొన్ని పదుల గజాల దూరంలో, మట్టి చాటున ఉంటుంది. అప్పుడు వాళ్లు బయటపడి పరుగెత్తాల్సిన దూరం చాలా తక్కువ.

బందరులో ఈ క్రమం మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ఊబిలో రెండడుగులు తవ్వితే నీళ్లు. అందుకని ఫోర్డ్ తూర్పు వైపు ఇసుక నేల మీదనే మూడు బ్యాటరీలు (ఫిరంగులు నిలిపే దిబ్బలు) కట్టుకుని అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. హార్డ్‌విక్ అనే ఓడ తెచ్చిన బరువైన ఫిరంగులను దింపి, ఇసుకలో చక్రాలు కుంగకుండా దారి చేసి, బ్యాటరీల్లోకి చేర్చేసరికి మార్చి 25 అయింది. గోడకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ఊబి ముట్టడి పూర్తయ్యేదాకా అలాగే ఉండిపోయింది. గండి పడినా దాడి దళం ఏ చాటూ లేకుండా ఆ బురద అంతా ఈదుకుని పోవాలి. కాన్‌ఫ్లాన్ ధీమాకు కారణం ఇదే. యుద్ధశాస్త్రం తెలిసిన మనిషి ఎవరైనా అలాగే అనుకుంటాడు. ఆ మేరకు అతన్ని తప్పు పట్టలేం.

గండి కొట్టడంలో కూడా ఒక పద్ధతి ఉంది. గోడ మీద ఎక్కడపడితే అక్కడ కాలిస్తే గుండ్లు దండగ. అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో అడ్డంగా ఒక గీత పడేలా వరసగా కొట్టాలి. ఆ తర్వాత రెండు చివర్ల నిలువుగా కొట్టుకుంటూ పైకి పోవాలి. అప్పుడు ఇటుక ముఖం తన బరువుకు తానే జారి కిందపడుతుంది, వెనకున్న మట్టి దాని మీద వాలుగా జారి మనిషి ఎక్కగల మెట్టు అవుతుంది. ఒక్కో గుండుకు దాని బరువులో మూడో వంతు మందు, అంటే 24 పౌన్ల గుండుకు ఎనిమిది పౌన్లు కావాలి. ఒక ఫిరంగి రోజుకు వంద సార్లు కాలిస్తే 800 పౌన్ల మందు ఖర్చు. నాలుగు ఫిరంగులుంటే రోజుకు దాదాపు టన్నున్నర. ఓడ మీద తెచ్చుకున్న సరుకుతో బతికే సైన్యానికి ఈ లెక్క గుండెల మీద కుంపటి.

పగలు పడిన గండిని ఫ్రెంచివారు రాత్రికి రాత్రే పూడ్చేవారు. మట్టి గోడకు ఉన్న సుగుణం అదే: కూలిన మట్టిని మళ్లీ పైకి ఎగదోస్తే సరిపోతుంది. ఇలా పది రోజులకు పైగా సాగింది. ఈలోగా బయట పరిస్థితి ఇంకా బిగిసింది. మార్చి నడుమ ఫోర్డ్ తెల్ల సైనికులే జీతమూ దోపిడీ వాటా ఇవ్వకపోతే వెళ్లిపోతామని ఆయుధాలతో ఎదురు తిరిగారు. కోట పడితే వచ్చే సొత్తులో వాళ్లకు దక్కేలా చూస్తానని మాటిచ్చి ఆపాల్సి వచ్చింది. ఫ్రెంచివారి మరో దళం రాజమహేంద్రవరాన్ని తిరిగి పట్టుకుని వెనక దారిని తెంచింది. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ చేరాడు. ఏప్రిల్ మొదటి వారంలో గాలివానతో నేల మరింత చిత్తడి అయింది. ఏప్రిల్ 6 సాయంత్రం ఫిరంగి అధికారులు మిగిలిన మందు రెండు రోజులకే వస్తుందని చెప్పారు.

ఓడెక్కి వెళ్లిపోవడమా, దాడి చేయడమా అన్న రెండే దారులు మిగిలాయి. ఫోర్డ్ దాడినే ఎంచుకున్నాడు.

ఏప్రిల్ 7 రాత్రి

నైరుతి వైపు ఊబిలోంచి స్థానికులు అప్పుడప్పుడు నడిచి పోవడం ముట్టడి దళం కంటబడింది. ఇద్దరు అధికారులు, నాక్స్, యార్క్, వెళ్లి పరీక్షించి వచ్చారు. అడుసు మోకాలి లోతే, నడక కష్టం కానీ అసాధ్యం కాదని తేలింది. ఆ వైపు దాటరానిదని నమ్మిన ఫ్రెంచివారు కాపలా పెద్దగా పెట్టలేదు. ఊరివాళ్ల కాలిబాటగా ఉన్న చోటును కోటలోని అధికారులు పటం మీద ఊబిగా గీసుకుని వదిలేశారు. ఈ ముట్టడి మొత్తంలో నేను అన్నిటికంటే బరువైనదిగా భావించే తప్పు ఇదే.

ఏర్పాటు ఇది. 7వ తేదీ పగలంతా బ్యాటరీలు ఆపకుండా కాల్చాలి. అప్పుడు గండ్లు పూడ్చే వీలు ఉండదు, మిగిలిన మందు కూడా పనికొస్తుంది. రాత్రి పది గంటలకు దళాలు సిద్ధం కావాలి. దాడి నడిరాత్రికి. ఆ వేళకు పాటు అడుగంటి అగడ్తలో మూడడుగుల నీళ్లే ఉంటాయి. నాక్స్ 700 మంది సిపాయిలతో నైరుతిన ఉత్తుత్తి దాడి చేయాలి. ఆనంద గజపతి సైన్యం కట్ట దారి మీదుగా వెళ్లి రావెలిన్ ముందు హడావిడి చేయాలి. అసలు దెబ్బ ఈశాన్య మూలన శామెలియన్ అనే బురుజు గండి మీద. ఆ రాత్రి ఫోర్డ్ దగ్గర ఓడ నావికులతో కలిపి 350కి లోపు యూరోపియన్లు, 1,400 మంది సిపాయిలు ఉన్నారు.

అనుకున్నట్టు ఏదీ సరిగ్గా సాగలేదు. ముందు నడవాల్సిన అధికారి సమయానికి కనబడక ముఖ్యదళం ఆలస్యమైంది. అది ఇంకా మోకాలి లోతు బురదలో కాళ్లీడ్చుకుంటూ ఉండగానే నైరుతిన నాక్స్ కాల్పులు మొదలయ్యాయి. కానీ ఆ ఆలస్యమే కలిసివచ్చింది. కోటలోని వాళ్ల దృష్టి అటు మళ్లింది. ముఖ్యదళం గుంజల కంచె దగ్గరకు చేరేసరికి పసిగట్టి పక్క బురుజుల నుంచి కాల్చారు. కంచె తెంచుకుని, అగడ్త దాటి, గండి ఎక్కి బురుజును పట్టుకున్నారు.

అక్కడి నుంచి రెండుగా చీలారు. యార్క్ ఎడమకు తిరిగి గోడ వెంట సెయింట్ జాన్ బురుజు వైపు, ఫిషర్ కుడికి తిరిగి ద్వారం వైపు వెళ్లారు. యార్క్ దళం ఒక చోట చిన్న మందుగుండు కొట్టు కనబడగానే ఎవరో మందుపాతర అని అరవడంతో చెల్లాచెదురైంది. యార్క్ వాళ్లలో కొందరిని కూడగట్టుకుని మళ్లీ ముందుకు పోయాడు. చివరి బురుజు దగ్గర ఫిరంగి దెబ్బకు అతని రెండు తొడలకూ గాయాలయ్యాయి. ఫిషర్ ద్వారాన్ని మూసివేయడంతో బయట రావెలిన్‌లో ఉన్న ఫ్రెంచి దళం కోటలోకి రాలేక తెగిపోయింది.

కాన్‌ఫ్లాన్‌కు మూడు వైపుల నుంచి మూడు రకాల కబుర్లు వచ్చాయి. ఏది అసలు దాడో తేల్చుకోలేక అతను గౌరవప్రదమైన షరతులతో లొంగిపోతానని కబురంపాడు. ఫోర్డ్ ఏ షరతూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి సుమారు 500 మంది యూరోపియన్లు, రెండున్నర వేల మంది సిపాయిలూ ఇతరులూ ఖైదీలయ్యారు. ఖైదీల సంఖ్య పట్టుకున్నవాళ్ల సంఖ్య కంటే ఎక్కువ. ఫోర్డ్ వైపు 22 మంది యూరోపియన్లు, 50 మంది సిపాయిలు చనిపోయారు. గాయపడినవాళ్లు 62 మంది యూరోపియన్లు, 150 మంది సిపాయిలు.

ఈ ఓటమికి కాన్‌ఫ్లాన్ పిరికితనమే కారణమని ఒక్క మాటలో తేల్చేయడం రివాజు. అది అన్యాయం కాదు కానీ చాలదు. కోట చుట్టుకొలత దాదాపు 2,600 గజాలు. లోపల ఉన్నవాళ్లు రమారమి మూడు వేలు. మూడు కావళ్లుగా పంచితే ఏ వేళకైనా గోడ మీద ఉండేది వెయ్యి మంది, అంటే రెండున్నర గజాలకు ఒక మనిషి. ఒకే చోట దాడి జరిగితే మిగిలిన వాళ్లను అటు తరలించవచ్చు. ఒకేసారి మూడు చోట్ల జరిగితే చీకట్లో అర కిలోమీటరు పైన దూరం నుంచి ఎవరిని ఎటు తరలించాలో తెలిసేలోగా గండి దగ్గర పని అయిపోతుంది. దీనికి విరుగుడు కోట నడుమ ఒక సిద్ధ దళాన్ని ఉంచుకుని, సేనాని ఎత్తైన చోట నిలబడి చూడటం. కాన్‌ఫ్లాన్ ఆ రెండూ చేయలేదు. దక్షిణాన వాగు వైపు ఉండిపోయాడు. గండి పడ్డ బురుజుల వెనక లోపలి వైపు రెండో అడ్డుకట్ట వేసుకోకపోవడం మరో లోపం. పడిన గండిని పూడ్చడం ఎంత అవసరమో, దాని వెనక అర్ధచంద్రాకారంలో కొత్త గట్టు పోసుకోవడం అంతకంటే అవసరం. పది రోజుల వ్యవధిలో అది సాధ్యమే.

వారం తిరగకుండానే, ఏప్రిల్ 15న, పుదుచ్చేరి నుంచి 300 మంది సైనికులతో రెండు ఫ్రెంచి ఓడలు రేవులోకి వచ్చాయి. కోట అప్పటికే చేయి జారిందని తెలిసి ఉత్తరంగా వెళ్లిపోయాయి. సలాబత్ జంగ్ అప్పటికి దగ్గర్లోనే ఉన్నాడు. ఒకవైపు కోట పోయింది, మరోవైపు తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదులుతున్నాడు. మే 14న సంధి కుదిరింది. తీరం వెంట దాదాపు 80 మైళ్లు, లోపలికి 20 మైళ్ల మేర, ఏటా నాలుగు లక్షల రూపాయల రాబడి ఉన్న నేల కంపెనీకి వచ్చింది. ఫ్రెంచివారిని దక్కనులో ఉండనివ్వనని సలాబత్ జంగ్ మాటిచ్చాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766, 1768ల నిజాం ఒప్పందాలతో ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలోకి వచ్చినా, ఆ దారికి మొదటి రాయి పడ్డది ఈ ఊబిలోనే.

కంపెనీ రోజులు

ఆ తర్వాత శతాబ్దంలో కోట మీద బయటి శత్రువు ఎవరూ రాలేదు. వచ్చిన ఒకే గొడవ లోపలిది. మద్రాసు గవర్నరు బార్లో సైనికాధికారులకు గుడారాల కాంట్రాక్టు మీద వచ్చే ఆదాయాన్ని రద్దు చేశాక, 1809లో ఈ కోటలో ఉన్న మద్రాస్ యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ కమాండరు ఇన్నెస్‌ను నిర్బంధించారు. చక్కదిద్దడానికి కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌ను పంపాల్సి వచ్చింది.

రేవు మాత్రం క్రమంగా తగ్గుతూ వచ్చింది. మాంచెస్టరు బట్ట దెబ్బకు కలంకారీ ఎగుమతులు పడిపోయాయి. ఓడలు పెద్దవైన కొద్దీ బందరు తీరపు లోతు చాలక వర్తకం కాకినాడ వైపు మళ్లింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి బందరు కాలువ ద్వారా డెల్టా ధాన్యం పడవల్లో రావడం మొదలైనా, చివరి మైళ్ల చిక్కు అలాగే ఉండిపోయింది.

1864 ఉప్పెన

ఫిరంగులనూ తిరుగుబాటునూ చూసిన కోట పని చివరికి సముద్రం ముగించింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో నీళ్లు మామూలు పోటు మట్టం కంటే 13 అడుగుల ఎత్తుకు లేచాయి. ఊరూ కోటా చుట్టుపక్కల పల్లెలూ మునిగిపోయాయి. చనిపోయినవాళ్లు 30,000 అని అప్పటి అంచనా.

ఉప్పెన ఎత్తు ఎందుకు ఇంత ఉంటుందో చాలామంది పొరబడతారు. తుఫాను కేంద్రంలో గాలి పీడనం తగ్గితే సముద్రం కొంచెం ఉబ్బుతుంది, ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. యాభై, అరవై మిల్లీబార్లు పడిపోయినా దాని వల్ల పెరిగేది అర మీటరు చిల్లరే. మిగిలినదంతా గాలి తోసుకొచ్చే నీరు. లోతైన సముద్రంలో ఒడ్డు వైపు తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోగలదు. బందరు దగ్గరలాగా సముద్రపు అడుగు పల్లెంలా ఉంటే వెనక్కి పోయే దారి లేక నీరు గోడలా పేరుకుంటుంది. మన తూర్పు తీరంలో తుఫాను కన్ను దాటే చోటికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది కాబట్టి ఉప్పెన అటు వైపే ఎక్కువ. పైగా ఆ రోజుకు అమావాస్య వెళ్లి రెండు రోజులే, పెద్ద పోటు వచ్చే రోజులవి.

శత్రువు ఓడలను నాలుగు మైళ్ల దూరాన ఆపిన ఆ లోతులేని సముద్రమే ఉప్పెనను పెంచింది. గ్లాసీ అక్కరలేదనిపించిన ఆ పల్లపు నేలే నీళ్లను అడ్డులేకుండా లోపలికి పంపింది. కోట గోడ ఫిరంగి గుండును ఆపడానికి కట్టినది. నీళ్లు గుండులాగా ఒక చోట కొట్టవు. అన్ని వైపుల నుంచీ ఎక్కి, తిరిగి పోయేటప్పుడు ఇటుక ముఖం వెనక నానిన మట్టిని లాక్కుపోతాయి. ఆ తర్వాత కోటను తిరిగి సైనిక స్థావరంగా నిలబెట్టే ప్రయత్నం సాగలేదు.

మిగిలిన కట్టడాలు, వాటిని నిలబెట్టే పని

ఇవాళ బందరుకోటలో చెప్పుకోదగ్గవి ఆయుధాగారం, గంటస్తంభం. వాటితోపాటు డచ్చివారి సమాధులు. ఇవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. బురుజుల ఆకారం కోసం వెతికితే నిరాశే. మట్టి గోడలు కరిగిపోయాయి, ఇటుకలు ఊళ్లోకి తరలిపోయాయి. కోట విస్తీర్ణం అర్థం కావాలంటే నేల ఎత్తుపల్లాలు చూడాలి. చుట్టూ ఉన్న ఉప్పు కయ్యలకంటే కాస్త మెరకగా ఉన్న చోటంతా ఒకప్పుడు పోసిన మట్టే.

ఇలాంటి నేలలో ఇటుక కట్టడానికి మొదటి శత్రువు ఉప్పు. ఉప్పునీరు పునాది నుంచి ఇటుక సందుల గుండా మూడు నాలుగడుగుల ఎత్తుకు పాకుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతే ఉప్పు ఇటుక చర్మం కింద స్ఫటికాలుగా గడ్డకట్టి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. ఇది చూసి గోడకు సిమెంటు పూత పూస్తే జబ్బు ముదురుతుంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు కాబట్టి నీరు ఇంకా పైకి పాకి, పూత అంచు దాటిన చోట కొత్త ఇటుకను తినడం మొదలుపెడుతుంది.

సరైన పద్ధతి ఓపికతో కూడినది. ముందు గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు చేయాలి. తర్వాత మంచినీళ్లలో నానబెట్టిన కాగితపు గుజ్జును గోడకు అంగుళం మందాన పట్టించి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు అది ఉప్పును తనలోకి లాక్కుంటుంది. ఊడదీసి పారేసి మళ్లీ పట్టించాలి, ఉప్పు తగ్గేదాకా ఇదే పని. ఆ తర్వాతే సందులు పూడ్చాలి, అదీ సున్నంతోనే. సున్నం ఒక పాలు, కడిగిన మంచి ఇసుక రెండు నుంచి మూడు పాళ్లు గానుగలో బాగా నూరి, పాతకాలపు పద్ధతిలో కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలుపుతారు. సముద్రపు ఇసుక వాడితే తీసిన ఉప్పును తిరిగి పెట్టినట్టే. పూత కొన్నేళ్లకు రాలిపోతుంది, రాలడమే దాని పని: ఉప్పును తాను మోసి ఇటుకను కాపాడుతుంది. మళ్లీ పూయాలి.

రెండో శత్రువు రావి మొక్క. పైకొమ్మలు నరికితే వేరు లోపల ఇంకా బలిసి గోడను చీలుస్తుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయాలి. ముదిరితే కాండాన్ని కోసి, కోసిన ముఖానికి వెంటనే వేరుమందు పట్టించి, వేరు చచ్చాక ఆ ఖాళీని సున్నపు పాలతో నింపాలి. ఈ పనులన్నింటికీ బందరులో దొరికే కాలం తక్కువ. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు కాబట్టి సున్నం పని జనవరిలో మొదలుపెట్టి, ఎండలు ముదిరి పూత పగుళ్లివ్వకముందే, మార్చి మధ్యకల్లా ముగించాలి. పూసిన చోట కనీసం రెండు వారాలు గోనెపట్టా తడిపి కప్పి ఉంచాలి. ఆ నీళ్లు కూడా మంచినీళ్లే అయి ఉండాలి. చుట్టూ ఉన్న కయ్యల్లో, గుంతల్లో దొరికే నీళ్లు ఈ పనికి పనికిరావు.